ముందు సుద్దముక్క, ఆ తర్వాతే స్ప్రింగు

పిల్లలూ! బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్ళంతా ఒక పక్కకు ఒరగడం మీరు చూసే ఉంటారు. బస్సు కుడికి తిరిగితే మనం ఎడమకు ఒరుగుతాం. జడత్వం పాఠంలో దీన్ని చదువుకున్నాం. మనతోపాటు బస్సు కూడా ఒరుగుతుంది. బస్సుకైనా, కారుకైనా ఆ ఒరగడాన్ని అదుపులో ఉంచేవి స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు, కొన్ని ఉక్కు కడ్డీలు. వీటన్నిటినీ కలిపి సస్పెన్షన్ అంటారు. దాని గురించి నాకొక అభిప్రాయం ఉంది. అది కలగడానికి కారణం నా దగ్గర పదో తరగతి చదివిన ఒక విద్యార్థి.

అతను ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పాత మాజ్దా మియాటా కారొకటి కొన్నాడు. ఆ రకం కారు మొదట 1989లో వచ్చింది. చిన్నది, తేలికైనది, రెండే సీట్లు. సెలవురోజుల్లో దాన్ని ఆటోక్రాస్ పోటీలకు తీసుకువెళ్తున్నాడు.

ఆటోక్రాస్ అంటే కార్లు ఒకదాన్నొకటి తరుముకునే పందెం కాదు. అమెరికాలో పెద్ద పార్కింగు స్థలంలోనో, వాడకంలో లేని రన్‌వే మీదనో శంకువులు నిలబెట్టి మెలికల దారి ఏర్పాటు చేస్తారు. ప్రతి కారూ తనంతట తాను ఆ దారిలో వెళ్ళాలి. పోటీ గడియారంతోనే. కాలాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నియమాల ప్రకారం ఒక శంకువును పడగొడితే 2 సెకన్లు కలుపుతారు. పరుగు సాధారణంగా ఒక నిమిషం ఉంటుంది. రోజంతా ఎండలో నిలబడితే దొరికేవి నాలుగైదు పరుగులు.

అతను నాకిలా రాశాడు: "మాస్టారూ, నాలుగు పోటీల్లోనూ చివరివాళ్ళలో ఉన్నాను. అందరూ చెబుతున్నారని గట్టి స్ప్రింగులు, ముందూ వెనకా లావు కడ్డీలు ఒకేసారి వేయించాను. ఇప్పుడు మలుపులో కారు వెనకభాగం జారిపోతోంది. మొన్న వానలో గిర్రున తిరిగింది. ఇంకేం మార్చమంటారు?"

నాకు కారు లేదు, నడపడమూ రాదు. కానీ ఆ ఉత్తరంలోని తప్పు నాకు వెంటనే కనిపించింది. వెనక జారినది స్ప్రింగుల వల్లా? కడ్డీల వల్లా? వాన వల్లా? ఇక ఎవరూ చెప్పలేరు. అన్నీ ఒకేసారి మారిపోయాయి.

ముందు ఒక లెక్క చేద్దాం. కారు 1000 కిలోలు అనుకోండి. దాని గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. మలుపులో పక్కకు కలిగే త్వరణం గురుత్వ త్వరణంలో 0.9 వంతు. అప్పుడు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే భారం 1000 × 0.9 × 0.5 ÷ 1.4, అంటే సుమారు 320 కిలోలు. బయటి రెండు చక్రాల మీద 820 కిలోలు, లోపలి రెండింటి మీద 180 కిలోలు పడతాయన్నమాట.

ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడైనా కనిపించిందా? లేదు! స్ప్రింగు ఎంత గట్టిదైనా మారే మొత్తం భారం దాదాపు అంతే. తగ్గేది ఒరగడం మాత్రమే. కారు తక్కువ ఒరిగితే టైరు నేలకు సరిగ్గా ఆనుతుంది, స్టీరింగు తిప్పగానే కారు తిరుగుతుంది. ఆ లాభం నిజమే. అయితే మారిన భారంలో ముందు జతకు ఎంత, వెనక జతకు ఎంత అన్నది కూడా ఈ స్ప్రింగులు, కడ్డీలే నిర్ణయిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

టైరు మీద భారం పెరిగితే నేల మీద దాని పట్టు పెరుగుతుంది కానీ, అదే నిష్పత్తిలో పెరగదు. 250 కిలోల భారం మోసే టైరుకు 250 పాళ్ళ పట్టు ఉందనుకుందాం. 410 కిలోలు మోస్తే 375 పాళ్ళే రావచ్చు. 90 కిలోలు మోసే టైరుకు 98 పాళ్ళు రావచ్చు. రెండూ సమానంగా మోసినప్పుడు జత పట్టు 500. అసమానంగా మోసినప్పుడు 473. వెనక కడ్డీని మరీ లావు చేస్తే వెనక జతలో ఈ అసమానత పెరుగుతుంది. వెనక పట్టు తగ్గి కారు జారుతుంది. అంటే డబ్బు పెట్టి పట్టు పోగొట్టుకోవచ్చు కూడా!

మరి కొత్తవాడు మొదట ఏం మార్చాలి? ఏమీ మార్చకూడదు, కొలవాలి. అనుభవజ్ఞులైన ఆటోక్రాస్ వాళ్ళు చేసే పని ఒకటుంది. టైరు అంచు మీద, నేలను తాకే భాగం నుంచి పక్క గోడ దాకా సుద్దముక్కతో గీత గీస్తారు. పరుగు అయ్యాక చూస్తారు. గీత పక్క గోడ మీద కూడా చెరిగిపోతే టైరు మరీ మడతపడుతోంది, గాలి చాలలేదు. అంచు దాకా కూడా చెరగకపోతే గాలి ఎక్కువైంది. ఒకసారికి రెండు పౌండ్ల గాలి మార్చి మళ్ళీ చూస్తారు. నేను ముప్ఫై ఏళ్ళుగా చేత్తో పట్టుకున్న సుద్దముక్కకు ఈ పని కూడా తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలియదు!

ఆ తర్వాత అరిగిన రబ్బరు బుష్‌లు, నూనె కారే షాక్ అబ్సార్బర్లు బాగుచేయించాలి. వీల్ అలైన్‌మెంట్ సరిచూడాలి. ఆపైన మంచి టైర్లు. కారుకూ నేలకూ మధ్య ఉన్నవి అరచేతంత నాలుగు రబ్బరు ముక్కలే కదా! అప్పుడు సస్పెన్షన్‌లో మొదటి మార్పుగా మంచి షాక్ అబ్సార్బర్లు. స్ప్రింగు దాచుకున్న శక్తిని సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టించి వేడిగా మార్చేది అదే. శంకువుల మధ్య కారు కుడికీ ఎడమకూ ఊగేటప్పుడు ఒక ఊపు తీరకముందే మరొకటి వస్తుంది. ఊపును త్వరగా అణచకపోతే కారు మాట వినదు. కడ్డీ ఆ తర్వాత, అదీ ఒక్కటే. స్ప్రింగులు అన్నిటికన్నా చివర. ఆ క్లబ్బు తొలిమెట్టు తరగతుల్లో స్ప్రింగులు మార్చడానికి అనుమతే లేదు.

కొందరు దీనికి ఒప్పుకోరు. "స్ప్రింగుకూ షాక్ అబ్సార్బరుకూ పొత్తు కుదరాలి, రెండూ కలిపి వేస్తేనే మంచిది, మెకానిక్కు కూలీ కూడా ఒకేసారి" అంటారు. ఆ మాటలో నిజముంది, పొత్తు కుదరాల్సిందే. కానీ అది చేయి తిరిగినవాడికి. కొత్తవాడికి ఒక పరుగుకూ మరో పరుగుకూ సెకనో, రెండు సెకన్లో తేడా తన చేతి వల్లే వస్తుంది. కొత్త భాగం ఇచ్చే లాభం అందులో మునిగిపోతుంది. లోలకం ఒక్క డోలనం కాక ఇరవై డోలనాల కాలం ఎందుకు కొలుస్తామో గుర్తుందా? ఇక్కడా అంతే.

ఈ సలహాలన్నీ అతనికి రాశాను. ఇంకో మాట రాయడానికి మాత్రం రెండు రోజులు వెనకాడాను. ప్రయోగశాలలో అతను చేసిన రికార్డు నాకు గుర్తుంది. రీడింగులన్నీ పొందికగా ఉన్నాయి. ముందు జవాబు రాసుకుని, పై తరగతివాళ్ళ రికార్డు చూసి రీడింగులు నింపాడు. నాకు తెలుసు. తెలిసీ పదికి పది మార్కులు వేశాను. ఇతరుల రికార్డులోంచి దించుకోవడమూ, అందరూ వేయించారని స్ప్రింగులు వేయించడమూ ఒకటే అలవాటు. ఆ అలవాటుకు మార్కులు వేసినవాణ్ణి నేనే. చివరికి అదే రాశాను.

అతను పాత స్ప్రింగులు, కడ్డీలు మళ్ళీ పెట్టించుకున్నాడు. సుద్దగీత గీశాడు. ముందు టైర్లలో రెండు పౌండ్ల గాలి పెంచాడు, కాలం తగ్గింది. అది గాలి వల్లా, తన అలవాటు వల్లా అని అనుమానం వచ్చి, తర్వాతి పరుగుకు మళ్ళీ పాత గాలికే వెళ్ళాడు. కాలం పెరిగింది! ఆ మూడు అంకెలూ రాసి పంపాడు. వాటిలో పొందిక లేదు, ఒక శంకువు కూడా పడింది. అతని రికార్డులో నేను చదివిన మొదటి నిజమైన పేజీ అది.

మీరూ ఒక పని చేసి చూడండి. బడిలో ఉన్న స్ప్రింగుకు బరువు వేలాడదీసి ఎంత సాగిందో కొలవండి. తర్వాత దాన్ని సరిగ్గా సగం దగ్గర బిగించి, అదే బరువు వేలాడదీయండి. సాగుదల సగమే వస్తుంది. అంటే పొట్టి స్ప్రింగు రెట్టింపు గట్టిది. కారు నేలకు దగ్గరగా కనిపించాలని స్ప్రింగులు కోయించుకునేవాళ్ళకు ఈ ప్రయోగం చూపించండి. పైకీ కిందికీ కదిలే చోటు తగ్గి, గుంతలో చక్రం నేలను వదిలేస్తుంది. రోడ్డు మీద పడేవి శంకువులు కావు, మనుషులు.

అన్నట్టు, మీ రీడింగు సరిగ్గా సగం రాకపోతే దిద్దకండి. వచ్చిందే రాయండి. మీ మాస్టారు మార్కులు తగ్గిస్తే ఈ పేజీ చూపించండి.