క్షేత్ర పరికరాలకు బ్యాటరీ: సిఫారసులో చేరవలసిన అంశం

నేల తేమను కొలిచే సెన్సార్లు, ఉష్ణోగ్రతను, గాలిలో తేమను గంట గంటకూ నమోదు చేసే డేటా లాగర్లు నేడు పరిశోధన స్థానాల హద్దులు దాటి రైతుల పొలాలకు చేరుతున్నాయి. స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో, కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శనలలో వీటి పాత్ర పెరుగుతున్నది. సెన్సారును ఎంత లోతులో పాతాలి, ఎన్ని చోట్ల పాతాలి, ఆ నేలకు ఎలా క్రమాంకనం చేయాలి అన్న విషయాలను మనం శ్రద్ధగానే వ్రాస్తున్నాము. దానిని నడిపే బ్యాటరీ విషయానికి వచ్చేసరికి మాత్రం “12 వోల్టుల బ్యాటరీని ఉపయోగించడమైనది” అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటున్నాము. పురుగుమందు పేరు చెప్పి, లీటరు నీటికి ఎంత కలపాలో చెప్పని సిఫారసును ఏ విస్తరణ శాస్త్రవేత్తా ఒప్పుకోడు. బ్యాటరీ వివరం లేని పరికరాన్ని సిఫారసు చేయడం కూడా అటువంటిదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇది కేవలం భద్రతకు సంబంధించిన విషయం కాదు. సౌర ఫలకంతో ఛార్జి అయ్యే లాగరు ఏ రోజులలో ఆగిపోతుందో గమనించండి. ఎండ కాచే రోజులలో ఆగదు; నాలుగైదు రోజులు ముసురు పట్టినప్పుడు ఆగుతుంది. వరిలో అగ్గి తెగులు ఉధృతిని అంచనా వేయడానికి మనకు కావలసిన దత్తాంశం సరిగ్గా ఆ మబ్బు రోజులదే, ఆ తడి రాత్రులదే. కనుక ఇక్కడ లోపించిన దత్తాంశం యాదృచ్ఛికంగా లోపించినది కాదు. దానిని ముందు వెనుకల సగటుతో పూరిస్తే, తేమ ఎక్కువగా ఉన్న రోజులను మనమే చెరిపివేసినట్లవుతుంది. పైగా సరఫరా వోల్టేజీ కనీస స్థాయికి దిగజారినప్పుడు కొన్ని చౌక సెన్సార్ల రీడింగు కూడా పక్కకు జరుగుతుంది. పరికరం ఆగిపోతే ఖాళీ అయినా కనబడుతుంది. ఈ తప్పు అంకె మాత్రం నేలలో వచ్చిన మార్పుగా పట్టికలోకి ఎక్కుతుంది.

మొదట “12 వోల్టులు” అన్న మాటనే పరిశీలిద్దాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.7 వోల్టులు చూపుతుంది. ఛార్జి అవుతున్నప్పుడు 14.4 వరకు వెళుతుంది. 12 వోల్టులదని అమ్మే సౌర ఫలకం ఏ భారమూ లేనప్పుడు 20 వోల్టులు దాటుతుంది. పరికరం భరించగల గరిష్ఠ వోల్టేజీ ఎంతో చూడకుండా వీటిని కలపడం జూదమే. ధన, ఋణ ధ్రువాల సంగతి కూడా ఇటువంటిదే. గుండ్రని డీసీ పిన్నులలో లోపలి భాగం ధనధ్రువంగా ఉండడం పరిపాటి అయినా, అన్ని పరికరాలలోనూ అలా ఉండదు. మల్టీమీటరుతో ఒక నిమిషం పరీక్షిస్తే పోయేదేమీ లేదు.

5 వోల్టులతో పనిచేసే పరికరానికి 12 వోల్టుల బ్యాటరీ నుండి శక్తిని రెండు విధాల ఇవ్వవచ్చు. 7805 వంటి లీనియర్ రెగ్యులేటరు మిగులు వోల్టేజీని వేడిగా పారవేస్తుంది. బక్ కన్వర్టరు శక్తిని రూపు మార్చి ఇస్తుంది. సగటున 50 మిల్లీ ఆంపియర్లు తీసుకునే లాగరును ఉదాహరణగా తీసుకుందాం. దానికి రోజుకు 6 వాట్ గంటల శక్తి కావాలి. 85 శాతం సామర్థ్యం గల కన్వర్టరుతో అది 7 వాట్ గంటలవుతుంది; లీనియర్ రెగ్యులేటరుతో 14 దాటుతుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్ గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 84 వాట్ గంటలుంటాయి. దాని ఆయువు దృష్ట్యా సగమే వాడుకోవడం మంచిది కనుక చేతిలో ఉన్నది 42. మొదటి పద్ధతిలో ఎండ లేకపోయినా ఆరు రోజులు గడుస్తాయి. రెండవ పద్ధతిలో మూడు రోజులకే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. ముసురును దాటడమా, మధ్యలో ఆగిపోవడమా అన్నది ఆ చిన్న భాగం నిర్ణయిస్తున్నది. కరెంటు 200 మిల్లీ ఆంపియర్లయితే లీనియర్ రెగ్యులేటరులో ఒకటిన్నర వాటు వేడి పుడుతుంది. వేడిని గ్రహించే లోహపు రెక్క లేకపోతే దాని ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే సుమారు 90 డిగ్రీలు పెరుగుతుంది. మూసిన ప్లాస్టిక్ పెట్టెలో, మే నెల ఎండలో దాని పరిస్థితి ఊహించవచ్చు.

ఇక ఫ్యూజు. పరికరం చిన్నది, తీసుకునే కరెంటు స్వల్పం, ఫ్యూజు ఎందుకన్న ప్రశ్న విద్యార్థుల నుండి తరచుగా వస్తుంది. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. పరికరం ఎంత చిన్నదైనా బ్యాటరీ చిన్నది కాదు. 7 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు ధ్రువాలు నేరుగా కలిస్తే వంద ఆంపియర్ల వరకు, ఆపైన కూడా కరెంటు ప్రవహించగలదు. సన్నని తీగ క్షణాలలో ఎర్రబడి, పైపొర అంటుకుంటుంది. పొలంలో ఎలుక కొరకవచ్చు, పార దెబ్బ తగలవచ్చు, పెట్టె మూతకింద పడి తీగ నలగవచ్చు. మోటారు షెడ్డు పక్కనే ఎండు వరిగడ్డి ఉంటే ఆ తరువాతి సంగతి చెప్పనవసరం లేదు. ఫ్యూజును బ్యాటరీ ధనధ్రువానికి జానెడు దూరంలోపే అమర్చాలి. పరికరం దగ్గర పెడితే మధ్యనున్న తీగకంతటికీ రక్షణ ఉండదు. పరికరం గరిష్ఠంగా తీసుకునే కరెంటుకు ఒకటిన్నర నుండి రెండు రెట్లు, అయితే తీగ భరించగలిగినదానికి లోబడి, దాని పరిమాణం ఉండాలి. తీగలు కలిపేటప్పుడు బ్యాటరీని చివర కలపాలి, విప్పేటప్పుడు మొదట విప్పాలి.

పవర్ బ్యాంకులో వోల్టేజీ సమస్య లేదు కనుక విద్యార్థులు దానిని ఇష్టపడుతున్నారు. అందులోనూ ఒక చిక్కు ఉన్నది. ఫోను నిండిందో లేదో కరెంటును బట్టి గ్రహించేలా దానిని రూపొందించారు. తీసుకునే కరెంటు 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లకు తగ్గితే అనేక పవర్ బ్యాంకులు కొద్దిసేపటికి తమంత తామే సరఫరా నిలిపివేస్తాయి. రీడింగుకూ రీడింగుకూ మధ్య నిద్రావస్థలో ఉండే లాగరు వాటి దృష్టిలో నిండిన ఫోనే. ప్రయోగశాలలో తెర వెలుగుతూ ఉన్నంతసేపు బాగానే నడిచి, పొలంలో తెర ఆరిపోయాక మొదటి రాత్రే ఆగిపోవడానికి కారణమిదే. పైగా 10,000 మిల్లీ ఆంపియర్ గంటలని వ్రాసినది లోపలి 3.7 వోల్టుల సెల్లు లెక్క. 5 వోల్టుల వద్ద అది 7,400కు మించదు, మార్పిడి నష్టాలు పోగా ఇంకా తగ్గుతుంది.

రైతు ఇంటిలో సిద్ధంగా దొరికేది స్ప్రేయరు బ్యాటరీ. ప్రదర్శన పరికరం బ్యాటరీ పాడయిన మరునాడే దానిని తెచ్చి తగిలిస్తారు. అది తప్పు కాదు, తెలివైన పనే. కానీ స్ప్రేయర్లు ఇప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీతోనూ, లిథియం బ్యాటరీతోనూ వస్తున్నాయి. రెండూ 12 వోల్టులవేనని చెబుతారు. ఛార్జర్ల పిన్నులు ఒకే తీరుగా ఉండవచ్చు. మూడు లిథియం అయాన్ సెల్లుల ప్యాకు 12.6 వోల్టులకే నిండుతుంది. దానికి 14.4 వోల్టులనిచ్చే లెడ్ యాసిడ్ ఛార్జరు తగిలిస్తే ఒక్కొక్క సెల్లుపై 4.8 వోల్టులు పడతాయి, పరిమితి 4.2 మాత్రమే. లోపలి రక్షణ సర్క్యూటు లేకపోయినా, చెడిపోయినా మంటలు చెలరేగే ప్రమాదం ఉన్నది. ప్రదర్శన రోజున ఛార్జరు మీద, బ్యాటరీ మీద ఒకే రంగు పెయింటు చుక్క పెట్టి రావడం కరపత్రం పంచడం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

వేడి మరొక అంశం. లిథియం అయాన్ సెల్లులను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన తరువాత ఛార్జి చేయరాదు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో నీడలోని గాలే ఆ స్థాయిని తాకుతుంది, ఎండలోని పెట్టె లోపల అంతకు మించుతుంది. ఏడాది పొడవునా పొలంలో ఉండవలసిన పరికరానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు, తెల్లరంగు పెట్టె, ఫలకం నీడలో అమరిక మేలు. లెడ్ యాసిడ్ బ్యాటరీని గాలి చొరబడని పెట్టెలో బంధించరాదు. అతిగా ఛార్జి అయితే హైడ్రోజన్ వెలువడుతుంది.

ఇవన్నీ ఇంజనీర్ల పనులని, వ్యవసాయ శాస్త్రవేత్తకు వీటితో నిమిత్తం లేదని కొందరు అనవచ్చు. నాజిల్ రకం, స్ప్రేయరు పీడనం కూడా ఒకనాడు ఇంజనీర్ల విషయాలే. మందు పనిచేయడం వాటిపై ఆధారపడి ఉన్నదని గుర్తించాక మనం వాటిని నేర్చుకున్నాము, సిఫారసులలో చేర్చాము. ఇక్కడ నేర్చుకోవలసినది అంతకంటే తక్కువ.

పరికరాల ఆధారంగా వ్రాసే ప్రతి వ్యాసపు పద్ధతుల విభాగంలో బ్యాటరీ రకం, సామర్థ్యం, ఎండ లేకుండా గడిచే రోజులు, సరఫరా నిలిపివేసే కనిష్ఠ వోల్టేజీ, ఫ్యూజు పరిమాణం పేర్కొనాలి. దత్తాంశం ఎన్ని గంటలు, ఏ తేదీలలో లోపించిందో ఫలితాల పక్కనే చెప్పాలి. లాగరు ప్రతి రీడింగుతో పాటు బ్యాటరీ వోల్టేజీని కూడా ఒక నిలువు వరుసలో నమోదు చేస్తే అనుమానాస్పదమైన అంకెలను తరువాత ఏరివేయడం సులువవుతుంది. ఆ వరుస లేని దత్తాంశాన్ని సమీక్షకులు ప్రశ్నించాలి. ప్రదర్శన క్షేత్రాలలో పాత బ్యాటరీని ఎవరు తిరిగి తీసుకుంటారో కూడా ముందే తేల్చాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఆ బాధ్యతను ఉత్పత్తిదారుపై ఉంచాయి. ఉబ్బిన లిథియం ప్యాకు మాత్రం ఇంకా అనేక చోట్ల షెడ్డు మూలనే పడి ఉన్నది.