బుడమేరు గుట్టు కొల్లేరులో ఉంది

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరదలో చిక్కుకున్న విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట జనం మేడలెక్కి పాలప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. నాటి నుంచి బుడమేరు గురించి జరుగుతున్న చర్చంతా బెజవాడ పొలిమేర దాటడం లేదు. ఆక్రమణలు, పడిన గండ్లు, వాటిని పూడ్చిన తీరు... అన్నీ అవసరమైనవే. కానీ ఈ ఏరు ప్రయాణం నగరంతో ముగిసిపోదు.

మైలవరం పరిసరాల కొండల్లో పుట్టి, వాగులూ వంకలూ కలుపుకుని, వెలగలేరు మీదుగా నగరం ఉత్తర శివార్లకు వస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు సాగి కొల్లేరులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు దానికి ఏరు లక్షణాలే ఉండవు. నగరంలో వంతెన మీద నిలబడి చూస్తే కనిపించేది నల్లటి మురుగు, దాన్ని కప్పేసిన గుర్రపుడెక్క, గట్టు అంచున ఇళ్ల వెనక గోడలు. ఎండాకాలంలో చూసి స్థలం కొన్నవాడికి అది మురుగు కాలువే. కొండల్లో కుంభవృష్టి పడితే మాత్రం కొన్ని గంటల్లోనే దాని అసలు రూపం బయటపడుతుంది. 2005లోనూ అదే జరిగింది.

దారిలో అడ్డంకులు ఇప్పటివి కావు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల వ్యవస్థ విస్తరించింది. ఏలూరు కాలువ బుడమేరు దారికి అడ్డంగా సాగింది కాబట్టి ఏనికేపాడు దగ్గర ఏరును కాలువ కిందనున్న సొరంగంలోంచి పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత రైలు కట్టలు, రోడ్లు. ప్రతి కట్టా నీటికి ఒక కంత వదిలింది కానీ, వరదకు సరిపడా వదిలిందా అన్నదే ప్రశ్న. 2024లో రాయనపాడు రైల్వేస్టేషన్ నీళ్లలో మునిగింది ఊరికే కాదు.

నగరాన్ని కాపాడటానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లకూ చివర్లో ఇదే కాలువ దారి. ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది: కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు నీటిని తీసుకోదు, పైగా ఎగదన్నుతుంది. వాయుగుండం ఒక నదిని వదిలి మరోదాని మీదే కురవదు కదా. 2024లో మళ్లింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు సృష్టించింది. మళ్లింపు కాలువను ఎంత వెడల్పు చేసినా ఈ మెలిక తీరదు. ఏటికి సహజమైన దారి కొల్లేరే.

ఆ కొల్లేరు నీళ్లు పుచ్చుకునే స్థితిలో ఉందా? సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. అంతకుముందు, 1970ల్లో, మత్స్యకార సొసైటీల పేర అక్కడ చేపల చెరువులకు బాట వేసింది ప్రభుత్వమే. తర్వాత అవి పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు పగలగొట్టారు, చాలాచోట్ల మళ్లీ లేచాయి. నష్టం గట్టు వల్లనే కాదు. భాద్రపదంలో నిండుగా ఉన్న చేపల చెరువులో వరదకు చోటేది? సరస్సు విస్తీర్ణం కాగితం మీద ఎంత ఉన్నా, వరద రోజున పనికొచ్చేది ఖాళీగా ఉన్న భాగమే.

పోనీ, చేరిన నీళ్లు త్వరగా సముద్రానికి పోతాయా అంటే, తమ్మిలేరు, రామిలేరు సహా కొల్లేరులో కలిసే ఏరులన్నింటి నీటికీ ఉప్పుటేరు ఒక్కటే వాకిలి. సుమారు 60 కిలోమీటర్ల ఆ వంకర దారిలో పూడిక, గుర్రపుడెక్క, చివర్న ఆటుపోటు. పోటు సమయంలో నీరు కదలదు, ఉప్పునీరు పైకొస్తుంది. 1964 నాటి మిత్ర కమిటీ కాలం నుంచీ ఈ డ్రెయిన్ల బాగు గురించి నివేదికలు వస్తూనే ఉన్నాయి.

అందుకే అభయారణ్యం హద్దును 5 అడుగుల కాంటూరు నుంచి 3కు తగ్గించాలన్న డిమాండును పక్షుల సమస్యగానో, కొల్లేటి లంకల వివాదంగానో చూడటం పొరపాటు. పట్టా భూములున్న చిన్న రైతుకు, వేటే ఆధారమైన కుటుంబానికి న్యాయంగా పరిహారమివ్వాలి, నిజమే. ఆ పరిహారం ఖర్చును బుడమేరు అంచనాల్లోనే కలపాలి. సింగ్ నగర్‌కు కొత్త గట్టు కట్టే డబ్బు, ఉప్పుటేరు పూడిక తీసే డబ్బు వేర్వేరు పద్దుల్లో ఉన్నంతకాలం మొదటిది ముందు ఖర్చవుతుంది, రెండోది ఫైల్లో ఉంటుంది.