గీత అవతల కూడా మనుషులమే

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. గోదావరి పోటెత్తితే శబరి కిందికి దిగదు, వెనక్కి తన్ని ఊళ్ల మీద పడుతుంది. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, ఎటపాక మండలాల్లో మనవాళ్లు పిల్లల్నీ మేకల్నీ పట్టుకుని గుట్టలెక్కారు. టార్పాలిన్ల కింద వానలో తడిశారు.

వాటిలో చాలా ఊళ్లు అధికారుల కాగితాల్లో అప్పటికి మునగని ఊళ్లు. పోలవరం మొదటి దశకు 41.15 మీటర్ల దగ్గర కాంటూరు గీత గీశారు. గీత లోపలి వాళ్లకు ముందు ప్యాకేజీ, బయటి వాళ్లకు తర్వాత చూద్దాం. వరద ఆ గీత చూసి ఆగలేదు.

‘ఇంత వరద ఎవరు ఊహించారు?’ అంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. మన పెద్దలు కళ్లారా చూశారు. ఇంజనీర్లూ ఊహించారు. మొదట 36 లక్షల క్యూసెక్కులకు అనుకున్న స్పిల్‌వేను 50 లక్షలకు మార్చారు. ఎప్పుడో రాగల మహా వరదకు సైతం కాంక్రీటు నిలవాలని! మంచిదే. 2022లో వచ్చింది అందులో సుమారు సగం. దానికే గీత బయటి ఊళ్లు మునిగాయి. ఆ వరదలోనే కాఫర్ డ్యాం ఎత్తును హడావుడిగా మీటరు మేర పెంచారు. కట్ట విషయంలో ఉన్న ముందుచూపు, ఆ పరుగు మన ఊళ్ల విషయంలో ఏవి?

ఆ ముంపులో వాన వాటా ఎంత, ప్రాజెక్టు వాటా ఎంత అని వాదిస్తున్నారు. వాదించుకోండి. కానీ లెక్క తేలేదాకా ఆ అనుమానం బరువు ఎవరు మోయాలి? కట్టేవాడు మోయాలి, గుట్టెక్కినవాడు కాదు.

ఇంకో అన్యాయం చూడండి. నేను పనిచేసిన ఒక బడికి గది అడిగితే, ‘ఎలాగూ మునిగేదే కదా మాస్టారూ’ అన్నారు. ఆ ఊరివాళ్లు పరిహారం అడిగితే, ‘మీది ఇప్పుడు మునగదు’ అన్నారు. గది అడిగితే మునిగే ఊరు, డబ్బు అడిగితే మునగని ఊరు! ఈ రెండు మాటల మధ్య పిల్లల చదువు చెట్టు కింద గడిచిపోయింది.

మనం అడగాల్సింది సూటిగా అడుగుదాం. గీతను 1986 వరదను, శబరి వెనుకతన్నును లెక్కగట్టి మళ్లీ గీయాలి. ఇళ్లూ భూములూ ఇచ్చాకే నీళ్లు నిలపాలి. కదిలే రోజు వరకు ఆ ఊరికి బడి, రోడ్డు, పడవ, ఎత్తున ఆశ్రయం ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకూ పునరావాసానికీ ముందు మనల్ని సంప్రదించాలని 1996 పెసా చట్టమే చెబుతోంది. ఇది దయ కాదు, హక్కు.

తోటి ఉపాధ్యాయులారా, మన పని ఒకటుంది. ప్రతి వరదకూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బడి గోడ మీద రంగుతో గీత పెట్టించండి, పక్కన తేదీ రాయించండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అవ్వాతాతలను అడిగి పాత వరదల ఆనవాళ్లు రాసుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించి, ఆ కాగితం నకలు దాచుకోండి. రేపు అధికారి తన గీత చూపినప్పుడు, మన గీత చూపించి మాట్లాడదాం.