జీవో 3 తీర్పు పూర్తిగా చదివామా?

‘కోర్టు కొట్టేసిందంట’ అనే మాట దగ్గరే ఆగిపోయాం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చింది. హైకోర్టు సరేనంది. 2020 ఏప్రిల్ 22న, మనం లాక్‌డౌన్‌లో ఉండగా, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ నూరు శాతం చెల్లదంది. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలనుకోవడం తప్పంట!

మనం అలా ఎప్పుడన్నాం? బయటి సారు రావద్దనలేదు. వచ్చినోళ్లు నిలబడరనేదే మన గోడు. వాగు పొంగితే బడికి తాళమే. ఒకటో తరగతి కోయ పిల్లకి తెలుగు రాదు, సారుకి కోయ రాదు. ఇది 50 శాతం లెక్కలో ఎక్కడ కనపడుద్ది?

ఇంకో ముక్కుంది, దాన్నెవరూ చెప్పరు. 1986 నుంచి చేరినోళ్ల ఉద్యోగాలు ఉంటాయి. కానీ రెండు రాష్ట్రాలూ మళ్లీ ఇలాంటి పనే చేసి హద్దు దాటితే ఆ రక్షణ పోద్ది. అంటే మన అక్కల కొలువులు తాకట్టులో ఉన్నాయి. ప్రభుత్వాలకు అదే సాకు దొరికింది.

సరే, కోయ, గోండి, సవర వచ్చినోళ్లకే ఈ పోస్టులని రూలు పెట్టమందాం. అది కులం లెక్క కాదు, పని లెక్క. వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్‌కి ముందే ఐటీడీఏ పీవో టేబుల్ మీద ఈ కాగితం ఉండాలి. సంతకాలు ఈ వారమే మొదలుపెడుతున్నాం.