పగటి గొడవ రాత్రికి కత్తి కాకూడదు



మధ్యాహ్నం మూడింటికి గ్రౌండ్‌లో క్రికెట్. రనౌట్ దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకడు ఇంకొకడి అమ్మను తిట్టాడు. చొక్కాలు పట్టుకున్నారు, పక్కవాళ్లు విడదీశారు. అక్కడితో అయిపోయిందనుకుని అందరూ ఇళ్లకు పోయారు. ఆరింటికి ఎవడో ఇన్‌స్టాలో స్టోరీ పెట్టాడు. ఏడింటికి దానికి జవాబుగా ఇంకో స్టోరీ. ఎనిమిదింటికి ఫోను: "దమ్ముంటే కట్ట మీదకు రారా, తేల్చుకుందాం." తొమ్మిదింటికి ఇటు ఆరుగురు, అటు ఎనిమిది మంది పోగయ్యారు. వాళ్లలో సగం మందికి అసలు గొడవేమిటో తెలియదు. ఒకడి నడుము దగ్గర కత్తి ఉంది. బెదిరించడానికే తెచ్చానంటాడు. పదింటికి 108 వచ్చింది.

ఇది ఫలానా వీధిలో జరిగిందని మేం చెప్పడం లేదు. ఏ వీధికైనా సరిపోతుంది కాబట్టే రాశాం. రనౌట్ బదులు 500 రూపాయల బాకీ అనుకోండి, బండికి బండి తగిలిందనుకోండి, "ఏంట్రా అలా చూస్తున్నావ్" అన్న ఒక్క మాట అనుకోండి. మిగతా కథ మారదు. మూడింటికీ పదింటికీ మధ్య ఏడు గంటలున్నాయి. ఆ ఏడు గంటల్లో పోలీసులకు అందిన ఫిర్యాదు లేదు, కోర్టులో కేసు లేదు. గొడవ సంగతి తెలిసింది పేటకు మాత్రమే. తోటి పిల్లలకు తెలుసు, టీ కొట్టు ఆయనకు తెలుసు, ఒక అక్కకు అనుమానం వచ్చింది, ఒక అమ్మ గమనించి ఊరుకుంది. ఈ కరపత్రం ఆ ఏడు గంటల కోసం వేశాం.

మన ఊరికి ఈ బాధ కొత్తది కాదు. ముఠా కక్షలతో బెజవాడ ఎంత పోగొట్టుకుందో పెద్దవాళ్లు చూశారు. 1988 డిసెంబరు 26న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య జరిగాక ఊరు ఎలా తగలబడిందో, కర్ఫ్యూలో పిల్లలకు పాలు దొరక్క తల్లులు ఏం పడ్డారో మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్నమొన్న, 2020 మే నెలాఖరున, లాక్‌డౌన్ రోజుల్లోనే పటమటలో రెండు గ్యాంగులు కత్తులు, కర్రలతో కలబడ్డాయి. గొడవ ఒక అపార్ట్‌మెంట్ సెటిల్‌మెంట్ గురించి. అందులో కొట్టుకున్న కుర్రాళ్లలో ఎంతమందికి ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్క గది అయినా దక్కేది? ఒక యువకుడి ప్రాణం పోయింది. ఆ వీడియో మాత్రం మన ఫోన్లలో సినిమా ట్రైలర్‌లా తిరిగింది. చూసి పక్కవాళ్లకు పంపినవాళ్లలో మనమూ ఉన్నాం.

తమ్ముళ్లూ, ముందు మీతో మాట్లాడాలి. మీలో చాలామంది నమ్మే మాట ఒకటుంది: "చంపం అన్నా, తొడ మీద ఒక్కటి వేసి వదిలేస్తాం." తొడ లోపల పెద్ద రక్తనాళం ఉంటుంది. అది తెగితే నిమిషాల్లోనే మనిషి ప్రాణం పోవచ్చు. ఆటో దొరికేలోపు, ఆసుపత్రి గేటు చేరేలోపు అయిపోతుంది. ఒంట్లో కత్తికి సురక్షితమైన చోటంటూ లేదు. భయపెట్టడానికి జేబులో పెట్టుకున్న కత్తి భయం వేసిన క్షణంలో చేతిలోకి వస్తుంది. ఒక్కోసారి అవతలివాడి చేతిలోకి కూడా వెళుతుంది.

రెండో మాట: "నేను మైనర్‌ని, నన్నేం చేయలేరు." ఇది తప్పు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకుమించి ఉన్న ఘోర నేరాల్లో 16 నిండినవాడిని పెద్దవాడిగానే విచారించాలా అన్నది జువెనైల్ జస్టిస్ బోర్డు పరిశీలిస్తుంది. విచారించాలని తేలితే కేసు పిల్లల కోర్టుకు వెళుతుంది. హత్య అలాంటి నేరమే.

మూడోది, అన్నిటికంటే ఎక్కువమందిని ముంచుతున్న మాట: "నేనేం చేయలేదు, ఊరికే వెనకాల నిలబడ్డాను." 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 190వ సెక్షన్ చదివించుకోండి. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఒక చెడ్డ పని కోసం పోగై, ఆ పని కోసం వాళ్లలో ఒకడు నేరం చేస్తే, ఆ గుంపులో ఉన్న ప్రతి ఒక్కడూ ఆ నేరం చేసినట్టే. బండి నడిపినవాడు, ఫోన్‌లో వీడియో తీసినవాడు, "మావా, పద" అంటే కాదనలేక వెళ్లినవాడు, అందరూ ఒకే కేసులో ఉండొచ్చు. ఆ తర్వాత పాస్‌పోర్టు పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆగుతుంది. ప్రభుత్వ ఉద్యోగం ఫారంలో "మీపై కేసులున్నాయా" అన్న గడి దగ్గర చెయ్యి ఆగుతుంది. రౌడీషీట్ తెరిస్తే ఆదివారాలు స్టేషన్ బెంచీ మీద, ఎన్నికలు వస్తే బైండోవర్. పిలిచిన స్నేహితుడు ఆ బెంచీ మీద మీ పక్కన కూర్చుంటాడన్న హామీ లేదు.

వెళ్లనని చెప్పడం పిరికితనం కాదు. "మా అమ్మకు బాగాలేదు, రాలేను" అని అబద్ధం చెప్పినా సరే, ఆ రాత్రికి ఆ అబద్ధం మంచిదే.

ఇక పిల్లల్ని పోగేసే అన్నల గురించి. పుట్టినరోజుకు నడిరోడ్డు మీద బండి బానెట్ మీద కేకు పెట్టి, దాన్ని తల్వార్‌తో కోయించి, వీడియో తీయించే అన్నలు ప్రతి పేటలోనూ తయారవుతున్నారు. ఫ్లెక్సీలో ఫొటో వేయిస్తారు, బిర్యానీ పెట్టిస్తారు, పెట్రోలు కొట్టిస్తారు. ఇంటర్ తప్పి ఇంట్లో తిట్లు తింటున్న కుర్రాడికి, నాన్న లేని కుర్రాడికి, తన పేరు పెట్టి పిలిచి భుజం మీద చెయ్యి వేసినవాడు దేవుడిలా కనిపిస్తాడు. ఆ చెయ్యి మనం వేయలేదు, అతను వేశాడు. ఈ తప్పు మనదని ఒప్పుకోకుండా ఇక్కడి నుంచి ముందుకు పోలేం.

అయినా ఆ అన్నలకు ఒక మాట చెబుతున్నాం. పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దలకు జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల రూపాయల జరిమానా ఉంది. పిల్లలకు మత్తు ఇచ్చినా, పిల్లల చేత మత్తు మోయించినా 77, 78 సెక్షన్ల కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. మీ పేర్లు ఈ కరపత్రంలో వేయలేదు. పేటకు మీ పేర్లు తెలుసు.

గంజాయి సంగతి విడిగా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. అంత కాలినా పొట్లం మన సందు చివరికి వస్తూనే ఉంది. "బ్లేడ్ బ్యాచ్", "గంజాయి బ్యాచ్" అని మనం పేర్లు పెట్టేశాం. పేరు పెట్టాక ఆ కుర్రాడు మనవాడు కాకుండా పోయాడు. కానీ ఆ బ్యాచ్‌లో ఉన్నది ఎవరు? మన ఎదురింటి ఆవిడ కొడుకు, మన పిల్లలతో కలిసి బడికి వెళ్లినవాడు.

తల్లీ, నీ బిడ్డ కళ్లు ఎర్రబడుతుంటే, రాత్రి తిరుగుడు మొదలైతే, ఇంట్లో డబ్బు మాయమవుతుంటే పరువు పోతుందని దాచకు. వాడుతున్నవాడు తనంతట తాను చికిత్సకు వస్తే కేసు భయం అక్కరలేదు. వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర ఉంచుకున్నందుకో కేసు ఎదుర్కొంటున్నవాడైనా, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే, మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ అతనికి రక్షణ ఇస్తుంది. మానిపించే సలహాకు 14446 నంబరు ఉంది. మనసు బాగాలేనప్పుడు 14416 ఉంది. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి మన రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972. "బ్యాగు తీసుకుని ఫలానా ఊళ్లో ఇచ్చిరా, ఐదు వేలు" అని ఎవరైనా బస్సెక్కిస్తే, ఆ బ్యాగులో 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు అని పిల్లలకు ఇంట్లో చెప్పండి. మోసేవాడు దొరుకుతాడు, పంపినవాడు ఫోను మార్చేస్తాడు.

ఇప్పుడు ఆ ఏడు గంటల్లో ఏం చేయాలో చెబుతాం. గొప్ప ఉపాయాలేం కావు, మన అమ్మమ్మలకు తెలిసినవే.

గొడవ పడిన ఇద్దరిలో ఒకడిని ఆ రాత్రికి పేటలో ఉంచొద్దు. అమ్మమ్మ ఊరికి పంపండి, మేనమామ ఇంటికి పంపండి, ఏ గన్నవరంలోనో ఉన్న పెద్దమ్మ ఇంట్లో రెండు రోజులు పడుకోనివ్వండి. ఫోను తీసుకుని పంపండి. "మావాడు ఎందుకు పోవాలి, వాడే పోవాలి" అనే పంతం వద్దు. ఎవడు ముందు పోతే వాడి తల్లి తెలివైనది. మొగుడి మాట, మామ మాట కోసం ఆగొద్దు, తల్లులే నిర్ణయం తీసుకోండి. ఎదుటి ఇంటి తల్లికి ఫోను చేసి "వదినా, మావాడిని పంపించేశాను, నువ్వు కూడా మీవాడిని లోపల ఉంచు" అని ఒక్క మాట చెప్పండి.

పేటలో ఐదారుగురు కలిసి ఒక జట్టుగా ఉండాలి. ఆటో స్టాండ్ నుంచి ఒకరు, పిల్లలకు ఆటలు నేర్పే సారు, ఆశా కార్యకర్త, సచివాలయం మహిళా పోలీసు, గుడిలో, మసీదులో, చర్చిలో మాట చెల్లే పెద్దలు, ముఖ్యంగా ఒకప్పుడు ఇదే దారిలో పోయి వెనక్కి వచ్చిన ఒక అన్న. కుర్రాళ్లు అతని మాట వింటారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో పేటల పేరుతో కత్తులతో కొట్టుకునే పిల్లల ముఠాలు ఉండేవి. 2005లో అక్కడి పోలీసులే దీన్ని జబ్బులా చూడాలని ఒక విభాగం పెట్టారు. 2008 నుంచి ముఠా కుర్రాళ్లను కోర్టు హాల్లోకే పిలిచి కూర్చోబెట్టారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట్లాడింది, గాయాలు కుట్టే డాక్టరు మాట్లాడాడు, చివర ఒక ఫోన్ నంబరు ఇచ్చి "మానాలనుకుంటే చదువు, పని మేం చూపిస్తాం" అన్నారు. అక్కడ హత్యలు బాగా తగ్గాయి. కోర్టు హాలు మన చేతిలో లేదు. కమ్యూనిటీ హాలు ఉంది, తల్లులూ ఉన్నారు.

పిల్లలూ, మీకు ముందే తెలుస్తుంది. "రాత్రికి స్కెచ్ వేశారంట" అని చెవిన పడితే ఒక పెద్దమనిషికి చెప్పండి. అది చాడీ కాదు. ఇంట్లో చెప్పలేకపోతే 112కు చేయండి. మీకు పద్దెనిమిది నిండకపోతే 1098 మీ కోసమే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం జట్టు రాజీ చేయకూడదు. అమ్మాయిని వేధించిన గొడవను "కుర్రాళ్ల మధ్య సర్దుబాటు" అని అరుగు మీద తేల్చొద్దు. ఆ అమ్మాయి ఫిర్యాదు పోలీసుల దగ్గరకే వెళ్లాలి, ఆమె పక్కన మనం నిలబడాలి. ఆమె పేరు చెప్పి అన్నలూ, బావలూ కత్తులు పట్టుకుని తిరగడం ఆమెకు ఇంకో కష్టం. మహిళల కోసం 181 ఉంది.

ఎంత చేసినా ఒక రాత్రి జరగరానిది జరిగితే, వీడియో తీయొద్దు. 108కి చేయండి. గుడ్డ మడిచి గాయం మీద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టండి, అంబులెన్స్ వచ్చేదాకా వదలొద్దు. కత్తి లోపలే ఉంటే లాగొద్దు. కేసు రాసేదాకా ఆసుపత్రిలో చేర్చుకోం అని ఎవరైనా అంటే, ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పిందని గట్టిగా చెప్పండి.

ఈ పిల్లలు చెడ్డవాళ్లని మాతో అనొద్దు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, మెడలోతు నీళ్లలో ముసలమ్మలను భుజాల మీద మోసుకొచ్చింది ఎవరు? పాల ప్యాకెట్లు, మంచినీళ్లు నెత్తిన పెట్టుకుని మేడల మీదకు అందించింది ఎవరు? మనం పొద్దస్తమానం తిట్టే ఈ కుర్రాళ్లే. వరద తగ్గాక మనం వాళ్లను మళ్లీ సందు చివరకు వదిలేశాం.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు మన పేట కమ్యూనిటీ హాలు ముందు కూర్చుందాం. ఉపన్యాసాలు ఉండవు, దండలు ఉండవు, ఫ్లెక్సీ ఉండదు. వీధికి ఇద్దరి చొప్పున పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుంటాం. రాత్రి ఎన్ని గంటలకు చేసినా ఎత్తేవాళ్ల నంబర్లే రాద్దాం. చదువు ఆపేసిన పిల్లలెవరో, మళ్లీ పరీక్ష రాసేవాళ్లెవరో, ఐటీఐలో చేరేవాళ్లెవరో, ఏదో ఒక పని కావలసినవాళ్లెవరో కూడా అక్కడే రాసుకుందాం. కొడుకులతో మాట్లాడటం మానేసిన నాన్నలు తప్పకుండా రండి. కుర్రాళ్లను వెంట తీసుకురండి, మాట్లాడే వంతు ముందు వాళ్లకే ఇద్దాం.

— మీ పేట అమ్మలు, ఆటో స్టాండ్ మిత్రులు, మీ వీధి కుర్రాళ్లు