పుట్టుబుద్ధి కాదు, పెట్టిన బుద్ధి

మనిషి నైజం గురించి పండితులు లావుపాటి పుస్తకాలు రాసినారు. మా ఆత్మకూరులో పెద్దకులాలోళ్లకు అన్ని పుస్తకాలు అక్కర్లేదు, ఒక్క సామెత చాలు: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. మాదిగోడు వంగి నిలబడితే అది పుట్టుబుద్ధి. మాట్లాడకుంటే మొద్దుబుద్ధి. మాట్లాడితే పొగరు. ఈ సామెతతో కొట్లాడటానికే నేనీ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా నాయన వంగిన నడుముతో పుట్టలేదు. నల్లమల అంచున చేన్లలో కష్టం చేసిన మనిషి. గేరిలో ఆయన మాటకు ఎదురు లేదు. అన్నదమ్ముల తగాదాలు తెంచేవాడు, పెండ్లి మాటలు కుదిర్చేవాడు, రాత్రి కతలు చెబితే పిల్లలం నిద్రపోయేవాళ్లం కాదు. అదే మనిషి ఊళ్లోకి పోతే పదేండ్ల రెడ్డి పిల్లోడు "ఒరే, యాడికి పోతాండావురా?" అనేవాడు. అరవైకి దగ్గరపడిన మా నాయన "యాడికీ లేదు సామీ" అనేవాడు. గేరి దాటితే చాలు, గొంతు మారేది, నడుము మారేది. ఇందులో ఏది ఆయన నైజం? గేరిలో మనిషా, ఊళ్లో మనిషా?

బిడ్డలు భాష నేర్చే శక్తితోనే పుడతారని నోమ్ చోమ్‌స్కీ 1950ల నుంచి వాదిస్తూ వచ్చాడు. ఆ శక్తి రెడ్డి ఇంటి బిడ్డకూ మాదిగ్గేరి బిడ్డకూ ఒకటే. 'ఒరే' ఎవరిని అనాలో, 'సామీ' ఎవరిని అనాలో మాత్రం కడుపులో ఎవరూ నేర్చుకుని రారు. అది ఊరు నేర్పుతుంది. తెలుగులో నువ్వా, మీరా తేల్చుకోకుండా ఎదుటి మనిషితో నోరు విప్పలేం. వచ్చినావా, వచ్చినారా అనే క్రియ చివరనే కులం కూర్చునుంది. వ్యాకరణం దాన్ని గౌరవం అంటుంది. ఎవరికి గౌరవమో చెప్పదు. రోజుకు వందసార్లు 'రా' పడిన మనసు కుంగుతుంది. 'రా' అనే అలవాటుపడిన పిల్లోడి మనసు పొంగుతుంది. రెండూ పెట్టిన బుద్ధులే.

బడిలో ఇంకో దెబ్బ. నేను "సదివినా సార్" అంటే అయ్యవారు తరగతినంతా నవ్వించినాడు. నెల్లాళ్లు నేను నోరు విప్పలేదు. తర్వాత ఆయనే "వీళ్ల బుర్రలింతే" అన్నాడు. ముందు నోరు మూయించాలి, తర్వాత ఆ మూగతనాన్ని నైజం అనాలి. కిటుకంతా ఇదే. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడినాడు, మంచిదే. కానీ ఆయన నిలబెట్టింది శిష్ట వ్యావహారికం. ఆ శిష్టుల్లో మా గేరి లేదు.

బుద్ధి మారదనేవాళ్లకు జవాబు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దొరికింది. మాదిగ దండోరా మొదలైంది. అంతదాకా తిట్టుగా విన్న మాటను మనవాళ్లు పేరు చివర తగిలించుకున్నారు. తలొంచుకుని కులం చెప్పినోళ్లు తలెత్తి చెప్పినారు. నెత్తురు మారలేదు, ఎముకలు మారలేదు. మాట మారింది, దాంతో మనిషి నిలబడే తీరు మారింది. పుడకల దాకా ఆగాల్సిన పని పడలేదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురిలో మనల్ని అవమానించడాన్ని నేరం చేసింది. 2015 సవరణ కులం పేరుతో తిట్టడాన్ని విడిగా చేర్చింది. కానీ రోజువారీ 'రా'ను ఏ సెక్షనూ ఆపలేదు. స్వీడన్‌లో 1960ల చివర జనం హోదా పిలుపులు వదిలి ఒకరినొకరు 'నువ్వు' అనుకోవడం మొదలుపెట్టినారు. మనుషులు చేసుకున్న భాషను మనుషులే మార్చుకోగలరు. ఆ పని మన ఇండ్లల్లోనూ జరగాలి. ఊళ్లో 'ఒరే' అనిపించుకున్నవాడు ఇంటికొచ్చి పెండ్లాన్ని 'ఏమే' అంటే అదీ ఊరు పెట్టిన బుద్ధే.

ఊరికి మాత్రం ఒక్కటే చెబుదాం. 'గారు' మాకు బిచ్చమెయ్యొద్దు. మీరంటే మీరంటాం, నువ్వంటే నువ్వంటాం. ఇది పొగరంటారా? పొగరే.