రొయ్య మీద బ్యాక్టీరియా అంటే రోగమేనా?

రొయ్యలో బ్యాక్టీరియా కనిపిస్తే రోగం వచ్చినట్టేనని, నీళ్లలో ఉన్నదాన్నంతా చంపెయ్యాలని కోస్తా సాగులో ఒక నమ్మకం పాతుకుపోయింది. తెలంగాణలో చెరువులకు చేపపిల్లలతో పాటు నీలకంఠ రొయ్య పిల్లలనూ ప్రభుత్వం ఉచితంగా ఇస్తూ వచ్చింది. ఆ పిల్లలు ఎదగడానికి మొదట్లో ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే వరంగల్‌కు సీడు రావాలంటే కోస్తా హేచరీలే దిక్కు. సీడు రావాల్సిందే. దాని వెంట ఈ నమ్మకం మాత్రం రాకూడదు, అది తప్పు.

గుడ్లు మోస్తున్న ఆడ రొయ్యను వెల్లకిలా తిప్పితే పొట్ట కింద నారింజ రంగు గుత్తి కనిపిస్తుంది. పిల్ల ఎదిగేకొద్దీ అది బూడిద రంగుకు మారుతుంది. ఆ గుత్తికి తల్లి కాళ్లతో అదేపనిగా నీళ్లు విసురుతుంటుంది. గుడ్లకు కాపలా తల్లి ఒక్కతే కాదు. 1989లో గిల్-టర్నెస్, హే, ఫెనికల్ అనే శాస్త్రవేత్తలు పేలెమాన్ జాతి రొయ్య గుడ్ల మీద ఆల్టెరోమోనాస్ బ్యాక్టీరియా ఉండటం గమనించారు. దాన్ని తొలగించిన గుడ్లు బూజు సోకి చచ్చాయి. తిరిగి అంటిస్తే బతికాయి. అది తయారుచేసే ఐసాటిన్ అనే రసాయనం ఒక్కటే ఇచ్చినా బతికాయి. నీలకంఠ రొయ్య వేరే జాతే, అయినా బ్యాక్టీరియా అంతా శత్రువేననే మాట నిలవదని చెప్పడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

మరి విబ్రియో అనే బ్యాక్టీరియా సంగతేమిటి? అది చంపుతుంది, నిజమే. సీడు వదిలిన నెల రోజుల్లోనే ఆసియా చెరువులను ఊడ్చేసిన ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) రోగానికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. విషం తయారుచేసే జన్యువులు ఒక ప్లాస్మిడ్ మీద, అంటే కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ప్లాస్మిడ్ లేకపోతే అదే జాతి బ్యాక్టీరియా ఈ రోగం తేలేదు. పైగా అది ఉప్పు లేనిదే పెరగదు! దాని పేరు చెప్పి మంచినీళ్ల చెరువులో బ్లీచింగ్ చల్లమంటే ఎలా ఒప్పుకోవాలి?

ఉప్పునీటి సాగులోనూ ఈ శుద్ధి ఎదురు తిరుగుతుంది. నీళ్లలోని బ్యాక్టీరియానంతా చంపేస్తే ముందు తిరిగొచ్చేది వేగంగా పెరిగే విబ్రియోలేనని బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2014లో వాదించారు. వాటికి పోటీ ఇచ్చేవాటిని మన చేత్తోనే చంపేస్తాం. ఇక బ్యాక్టీరియాను చంపడానికి వాడే యాంటీబయాటిక్‌ల అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016లో మన సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది.

వరంగల్ జిల్లాలోని పాకాల లాంటి చెరువు ఒక్కరి గుంట కాదు. ఆ నీళ్లు పొలాలకు పారతాయి, పశువులు తాగుతాయి, అందులోనే చేపలుంటాయి. మత్స్య సహకార సంఘాలు మందు డబ్బాలు అడగడం మాని, సీడు సంచి విప్పేముందు, నీలకంఠ రొయ్య పిల్లలను చంపే తెల్లతోక వైరస్ లేదని చూపే పీసీఆర్ పరీక్ష కాగితం అడగాలి. ఆ కాగితం లేని సంచిని తిప్పి పంపే అధికారం సంఘాలకు రాతపూర్వకంగా ఇవ్వాల్సింది మత్స్య శాఖే.